బెయిలు రాని చెప్పులు

నేను ఒక టైరు చెప్పుల జతను. తూర్పు ఆఫ్రికాలో, సరస్సు పక్కనున్న ఒక ఊరి బజారులో పుట్టాను. అంతకుముందు చేపల లారీకి టైరును. అరిగిపోయాక ఒకతను నన్ను కోసి, పట్టీలు బిగించి, మళ్లీ బతుకునిచ్చాడు.

నన్ను కొన్నది లుబెగా. ఊరి రేడియోలో వార్తలు చదువుతాడు. పెళ్లయిన కొత్తలోనే భార్య నబుకెన్యా నా పట్టీల మీద నీలం పూసలు కుట్టింది. ఎడమదానికి ఒక పూస ఎక్కువ పడింది. ఆ ఒక్క పూస చూసుకుని ఇద్దరూ మధ్యాహ్నమంతా నవ్వుకున్నారు. అంత సంతోషం అలవాటు లేక నాకే సిగ్గేసింది.

ఒకరోజు లుబెగా రేడియోలో ఒక ప్రశ్న అడిగాడు. బజారు కూల్చినప్పుడు పోలీసులు పట్టుకెళ్లిన ఆడవాళ్లు ఎక్కడున్నారని. సాయంత్రానికి అతన్నీ పట్టుకెళ్లారు.

అక్కడ లాకప్పులోకి వెళ్లేవాళ్లు, గుడికి వచ్చినట్టు, చెప్పులు బయటే విప్పాలి. నన్ను బల్ల పక్కన గుట్టలో పడేశారు. బజారు ఆడవాళ్ల రబ్బరు చెప్పులు అప్పటికే అక్కడున్నాయి. పైన గోడకు అద్దాల చట్రంలో ఒక కాగితం: అరెస్టు చేసిన మనిషిని రెండు రోజుల్లో కోర్టుకు తీసుకెళ్లాలని. దాన్ని శ్రద్ధగా చదివేది మేమే.

నబుకెన్యా రోజూ అరటాకులో అన్నం కట్టుకుని వచ్చేది. అలాంటి మనిషి ఇక్కడ లేడనేవారు. పక్క స్టేషనుకు పొమ్మనేవారు. ఆ స్టేషనువాళ్లు మళ్లీ ఇక్కడికే పంపేవారు. గోడ అవతల మనిషి దగ్గుతుంటే ఇవతల లేడంటారేమిటి? నాకు ఒళ్లు మండిపోయేది.

డ్యూటీ పోలీసుకు బూట్లు బిగుతు. మరుగుదొడ్డికి వెళ్లాలంటే గుట్టలో అందిన జత తొడుక్కునేవాడు. ఆ రోజు నన్ను తొడుక్కున్నాడు. తిరిగొచ్చి ఆమె ఎదుటే నిలబడి, "లేడని చెప్పానుగా తల్లీ. నువ్వు అడిగేకొద్దీ పుట్టుకొస్తాడా?" అన్నాడు.

ఆమె కిందికి చూసింది.

"అఫండే," అంది. పోలీసును అక్కడ అలాగే పిలుస్తారు. "మా ఆయన రాలేదు సరే. ఆయన చెప్పులు మాత్రం నడిచొచ్చాయా?"

అతను పాదాలు బల్ల కిందికి లాక్కున్నాడు. ఇలాంటివి ఊరంతా వేసుకుంటారని గొణిగాడు.

"ఎడమదానికి పూస ఎక్కువ. కుట్టింది నేను."

మర్నాడు ఆమె వకీలును వెంటబెట్టుకొచ్చింది. అతను అడిగితే కోర్టువాళ్లు నన్ను స్టేషను నుంచి తెప్పించి బల్ల మీద పెట్టారు. జడ్జి నన్ను చూసి, మనిషిని తెమ్మన్నాడు. తెచ్చారు. లుబెగాకు బెయిలు వచ్చింది.

నాకు రాలేదు. నేను సాక్ష్యాన్నట. కేసు తేలేదాకా కోర్టు బీరువాలోనే ఉండాలట. లుబెగా వట్టికాళ్లతో నిలబడితే, నబుకెన్యా తన చెప్పుల్లో ఒకటి అతనికిచ్చింది. చెరో చెప్పుతో కుంటుకుంటూ, నవ్వుకుంటూ వెళ్లారు.

స్టేషను గుట్టలో బజారు ఆడవాళ్ల రబ్బరు చెప్పులు ఇంకా ఉన్నాయి. వాటి మీద ఎవరూ పూసలు కుట్టలేదు.