చప్పుడు లేని గది

మధ్యాహ్నం రెండు కాగానే రాధాబాయి ఇంటి కిటికీ మూతపడేది. అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు, తునికాకు బుట్టలు ఎత్తుకుని పక్కింటి వసారాలోకి జరగాల్సిందే. "మా గంగామణి టేపుల చదువుతది, జర జరుగుండ్రమ్మా" అనేది రాధాబాయి. వాళ్లు ఏదో ముచ్చట చెప్పుకుని నవ్వుకుంటూ లేచేవారు. ఆర్మూర్‌లో ఆ వాడ వాళ్లంతా, చదువు మీద ఆ తల్లికి ఎంత శ్రద్ధో అని మెచ్చుకునేవారు. నేనూ కాదనను. కానీ ఆ కిటికీ వెనక ఏం జరిగిందో చెప్పక తప్పదు.

గంగామణి ఏడో తరగతి పాసై బడి మానింది. తండ్రి గంగాకిషన్ దుబాయిలో ఉన్నాడు. "మొగడు దేశంల లేడు, ఎదిగిన పిల్లను బజార్ల తిప్పుతుంది" అని నలుగురూ నాలుగు మాటలన్నారు. అనడానికి ఆ నలుగురికీ ఏం పోయింది? పోయింది పిల్లకు బడి. రాధాబాయి భయపడింది కానీ చదువు మాన్పించలేదు. రిటైరైన తెలుగు పంతులు లక్ష్మీరాజం సారును బతిమాలి, రోజూ ఇంటికే వచ్చి చెప్పేలా ఒప్పించింది.

దుబాయి వెళ్లిన వాళ్లకు ఉత్తరాలకు బదులు క్యాసెట్లు నింపి పంపడం అప్పట్లో ఇంటింటా ఉన్నదే. గంగామణి తండ్రికి క్యాసెట్ నింపుతుంటే సారు ఒకనాడు విన్నారు.

"రాధమ్మా, గీ గొంతు రేడియోల వినవడాలె. నేను తయారు చేస్త" అన్నారు.

ఆరేళ్లు తయారు చేశారు. పేపరులో వార్తలు చదివించారు, ఒత్తులు దిద్దారు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నేర్పారు. బయటి మాటలు టేపులో పడుతున్నాయని కిటికీ మూయమన్నదీ ఆయనే. కుక్క మొరిగితే చెరిపేసి మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఆ ఆరేళ్లలో గంగామణి మాట్లాడినన్ని మాటలు వాడలో ఇంకెవరూ మాట్లాడి ఉండరు. బదులు పలికిన మనిషి మాత్రం లేడు. టేపు ఆపగానే పక్కింటి వసారాలోంచి నవ్వులు వినిపించేవి. ఎందుకు నవ్వుతున్నారో వెళ్లి అడగాలనిపించేది. వెళ్లాక ఏం మాట్లాడాలో తెలియక గడప దగ్గరే ఆగిపోయేది. పాపం, ఇంటి నిండా మాటలున్నా ఆ పిల్ల ఒంటరిది.

తొంభై రెండులో నిజామాబాద్‌లో రేడియోకు గొంతు పరీక్ష పెట్టారు. తల్లీకూతుళ్లు పొద్దున బస్సెక్కారు. గంగామణి వార్తలు చదువుతుంటే, పరీక్ష పెట్టే మేడం కలం పక్కన పెట్టి మరీ విన్నది. తర్వాత బాల్కొండ పసుపు రైతు ఎంకటిని ఎదురుగా కూర్చోబెట్టి, "ఈయనతో అయిదు నిమిషాలు మాట్లాడండి" అన్నది. సారు రాసిచ్చిన ప్రశ్నల కాగితం గంగామణి చేతిలో ఉంది.

"పసుపు ఎన్ని ఎకరాలు వేశారు?"

"రెండెకరాలు ఏసిన బిడ్డా. దుంపకుళ్లు తగిలి అంత మట్టిల్నే పోయింది" అన్నాడు ఎంకటి. తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

గంగామణి కాగితం చూసింది. "తవ్విన పసుపును ఎలా ఉడకబెడతారు?"

ఎంకటి ఆమె ముఖంలోకి చూశాడు. "పంటనే లేదంటున్న గద బిడ్డా. ఏం ఉడకవెట్టాలె?"

గంగామణి మళ్లీ కాగితంలోకే చూసింది. మిగిలిన సమయమంతా తర్వాతి ప్రశ్న వెతకడంలోనే గడిచింది.

మేడం మెత్తగానే చెప్పింది. "గొంతు బంగారం అమ్మా. ఎదుటి మనిషి చెప్పేది నీకు వినపడలేదు. వచ్చే ఏడు మళ్లీ రా."

ఇద్దరూ బస్సులో ఆర్మూర్ తిరిగి వచ్చారు. ఇంటి దగ్గర సారు ఎదురుచూస్తున్నారు. ఆయన్ను చూడగానే గంగామణి ఏడ్చేసింది. "గాయన ఏడ్పు మొఖంతోని చెప్తుంటె నేను కాగితం జూసిన సారూ. నాకు మనుషులతోని మాట్లాడుడు రాదు."

సారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "తప్పు నాది బిడ్డా" అన్నారు.

మర్నాడు రెండింటికి రాధాబాయి అలవాటుగా కిటికీ మూయబోయింది. గంగామణి తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. టేప్ రికార్డర్ ఎత్తుకుని అరుగు మీదకు వెళ్లి, ఆడవాళ్ల మధ్యన చోటు చేసుకుని కూర్చుని మీట నొక్కింది. చేతిలో కాగితం లేదు.

"కమలవ్వా, గిన్నేండ్ల సంది మీరు ఎందుకు నవ్వుతుండ్రు?"

కమలవ్వ దారం తెంపుతూ మళ్లీ నవ్వింది. "నవ్వకుంటె నడుము నొప్పి యాదికొస్తది బిడ్డా."

గంగామణి ఆమె ముఖంలోకి చూసింది. "నొప్పి ఎప్పటి సంది అవ్వా?"

కమలవ్వ చేతులు ఆగాయి. అంతవరకూ ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది. సాయంత్రం దాకా చెబుతూనే ఉంది.

ఆ క్యాసెట్ దుబాయి చేరింది. గంగాకిషన్ నుంచి జవాబు వచ్చింది. "బిడ్డా, ఇన్నేండ్లు నీ గొంతొక్కటే వస్తుండె. గీసారి మన వాడంత వచ్చింది. రూముల అందరం కూసోని ఇన్నం."

మరుసటి ఏడు గంగామణి పరీక్షలో నెగ్గింది. తమ పిల్లలనూ అలా తయారు చేయమని కొందరు తల్లిదండ్రులు లక్ష్మీరాజం సారు దగ్గరకు వచ్చారు. ఆయన అందరికీ ఒకటే చెప్పారు. "ఇంట్ల చదువు చెప్పించుండ్రి, మంచిదే. కిటికీ మాత్రం మూయకుండ్రి. గొంతుకు గదిల సాన పెట్టొచ్చు గని, మాటకు మనుషులే బడి."