రెక్క కింద నిలబడినవాళ్లు

నేను ఒక కొలత కొంగను, పిల్లల ఎత్తు కొలిచే చెక్కబొమ్మను. నా రెక్క పోయిన రోజుతో మొదలుపెడతాను.

ఆ ఉదయం నది మీద పొగమంచు ఇంకా విడలేదు. ఇద్దరు పనివాళ్లు నన్ను కొత్త హాలు గుమ్మం దాకా మోసుకొచ్చారు. చాచిన రెక్కతో నేను గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా తిప్పి చూశారు, ఏటవాలుగా వంచి చూశారు. రెక్క విప్పుదామంటే బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. చివరికి వాళ్లలో ఒకడు రంపం తెచ్చాడు. చెక్కకు నొప్పి ఉండదని మనుషులకు గట్టి నమ్మకం. ఉందో లేదో నేను చెప్పను. రెక్క తడి గడ్డిలో పడింది. ఎవరో దాన్ని పాత పెట్టెల చెక్కలతో కలిపి లారీలోకి విసిరారు. నన్ను లోపల దీపం కింద నిలబెట్టి, "ఎంత అందమైన పక్షి!" అన్నారు. రెక్క ఉన్నన్నాళ్లూ నన్నెవరూ పక్షి అనలేదు.

అమెరికాలో, ఒహాయోలో ఒక చిన్న నది ఒంపు తిరిగేచోట విల్లో బెండ్ అనే వినోదాల పార్కు ఉండేది. అందులో చెక్కతో కట్టిన పెద్ద రోలర్ కోస్టర్ ఒకటి. నది ఒడ్డున కదలకుండా నిలబడే పక్షుల్ని చూసి దానికి నీలికొంగ అని పేరు పెట్టారు. కదలని పక్షి పేరును అంతగా పరుగెత్తేదానికి ఎందుకు పెట్టారో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. ఆ కోస్టర్ కట్టగా మిగిలిన పలకలతో ఎల్మర్ అనే వడ్రంగి నన్ను చేశాడు. అంటే అది నాకు తోబుట్టువు. అది పరుగెత్తింది, నేను దాని గుమ్మంలో నిలబడ్డాను.

ఎల్మర్ నా రెక్కను నేలకు నాలుగడుగుల ఎత్తున చాచి బిగించాడు. తల ఆ రెక్కకు తగిలినవాళ్లే బండి ఎక్కాలి. తగలనివాళ్లు వచ్చే ఏడు రావాలి. పిల్లలు పట్టుకుని వేలాడినా వంగకూడదని పెద్ద బోల్టులు వేశాడు. "దీనికి జాలి తెలియకూడదు" అంటూ నా కంటికి నల్ల రంగు చుక్క పెట్టాడు. ఆ చుక్కలోంచే నేను లోకాన్ని చూశాను.

నా కిందికి వచ్చినవాళ్లు రెండు రకాలు. ఎక్కాలనుకున్నవాళ్లు మునివేళ్ల మీద లేచి, మెడ సాచి, జుట్టు దువ్వి పైకి నిలబెట్టేవారు. భయపడ్డవాళ్లు మోకాళ్లు కొంచెం వంచి, భుజాలు జార్చి, "అయ్యో, తగల్లేదు" అని లోలోపల సంతోషించేవారు. వాళ్ల నాన్నలు వెనక నుంచి "నిటారుగా నిలబడు!" అని కసిరేవారు. అప్పుడప్పుడు పెద్దవాళ్లు కూడా ఎవరూ చూడకుండా వచ్చి, నడుం వంచి, తల నా రెక్క కింద పెట్టి, ఒక్క క్షణం అలాగే ఉండి వెళ్లిపోయేవారు. వాళ్లకేం కావాలో నేను అడగలేదు.

పార్కు మొదట ఒక ఐస్ వ్యాపారిది. తర్వాత అతని కూతురిది. ఆమె ఏటా వేసవికి ముందు నాకు రంగు వేయించేది. తర్వాత ఆమె కొడుకుది. అతను లెక్కలు చూసుకుంటూ నా పక్కనుంచే నడిచి వెళ్లేవాడు గాని నా వైపు చూసేవాడు కాదు. ఎవరి చేతుల్లో ఉన్నా నా పక్కన స్టూలు వేసుకుని, దారికి అడ్డంగా కట్టే గొలుసు పట్టుకుని కూర్చునే మనిషి మాత్రం డోరీన్. బడి రోజుల్లో స్కూలు బస్సు నడిపేది, వేసవిలో నాకు తోడుండేది. ఏడ్చే పిల్లల్ని, బతిమాలే తల్లుల్ని చూసి ఒకటే మాట అనేది: "నన్ను కాదు, కొంగనడుగు."

నిజంగా నన్నడిగిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు సూరిబాబు.

పాలకొల్లులో ఒక సినిమా హాలు గుమ్మంలో టికెట్లు చింపిన మనిషాయన. హాలు మూతపడ్డాక, భార్య మంగతాయారుతో కలిసి ఇక్కడ కూతురింట్లోనే ఉండేవాడు. కూతురు పనికి వెళితే, వేసవిలో మనవరాలు మైత్రిని పార్కుకు తెచ్చేది వీళ్లిద్దరే. మొదటిసారి వచ్చినప్పుడు ఆ పిల్ల నా మెడ దాకా లేదు. ఆకాశంలో కొంగలు పోతుంటే పిల్లలు చేతులు చాచి గోళ్ల మీద తెల్లచుక్కలు అడగడం వాళ్ల ఊళ్లో ఆట. అమ్మమ్మ అది నేర్పింది కాబట్టి మైత్రి వచ్చీ రాగానే పది గోళ్లూ నా ముక్కు ముందు పెట్టింది.

"ఇది గోళ్లిచ్చే కొంగ కాదే అమ్మడూ, ఎత్తిచ్చేది" అన్నాడు సూరిబాబు. "కొంగా కొంగా, మా పిల్లకి నాలుగు వేళ్ల ఎత్తియ్యవే!"

డోరీన్‌కు భాష తెలియదు గాని నవ్వింది. నాకు భాషల ఇబ్బంది లేదు. నా దగ్గరికి ఎవరు ఏ భాషలో వచ్చినా అడిగేది ఒకటే.

"మా హాలు గుమ్మంలో నువ్వుంటే ఎంత బావుండేదే" అన్నాడాయన నా వీపు తట్టి. "పెద్దలకు మాత్రమే సినిమా వస్తే చాలు, ఎనిమిదో క్లాసోళ్లు కాటుకతో మీసాలు దిద్దుకొచ్చేసేవారు. చెమటకి మీసం చుబుకం మీదకి జారేది."

"మీరు వదిలేసేవారు కూడాను" అంది మంగతాయారు.

"ఆయ్, మీసం అంత ఒద్దికగా దిద్దుకొచ్చినోణ్ణి ఎలా ఆపుతావే?"

మైత్రి తల నా రెక్కకు చాలా దిగువన ఉండిపోయింది. సూరిబాబు అన్నాడు: "నువ్వు దీని రెక్క తాకిన రోజున మనిద్దరం కలిసి ఎక్కుదాం. అందాకా నేనూ పొట్టోణ్ణే." అలా అన్నవాడు ఆ మాట మీదే ఉన్నాడు. కూతురు రమ్మన్నా, డోరీన్ సైగ చేసినా ఒక్కసారీ ఎక్కలేదు.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. మైత్రి అలిగి నా కాళ్ల దగ్గర సిమెంటు నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఐస్‌క్రీం బండి కదిలిపోతోందని సూరిబాబు తొందరలో ఆమె కాళ్ల మీదుగా ఒక్క అంగలో దాటి పరుగెత్తాడు.

"తాతయ్యా! దాటేశావు!" పిల్ల కేక పెట్టింది. "అమ్మమ్మా, తాతయ్య నన్ను దాటేశాడు! ఇంక నేను ఎదగను!"

"ఏవండీ, ముందు వెనక్కి దాటండి!" మంగతాయారు కూడా కేకేసింది. వాళ్ల వైపు ఎవరైనా పిల్లల్ని దాటితే, ఆ దాటినవాళ్లే మళ్లీ వెనక్కి దాటాలి. లేకపోతే పిల్లలు ఎదగరని అంటారు.

"వచ్చేటప్పుడు దాటుతానే, బండి పోతోంది!" అంటూనే ఆయన వెళ్లిపోయాడు. ఐస్‌క్రీములతో తిరిగొచ్చేసరికి పిల్ల లేచి నిలబడి చేతులు చాచింది. ముగ్గురూ తింటూ వెళ్లిపోయారు. వెనక్కి దాటే సంగతి ఎవరికీ గుర్తు లేదు. నాకు గుర్తుంది. నాకు నోరు లేదు.

మరుసటి వేసవికి గుమ్మం మీద ఒక నోటీసు అంటించారు. పార్కును ఒక కంపెనీ కొంటోంది. ఇంకొక్క వేసవి తర్వాత కోస్టర్ విప్పేస్తారు. కంపెనీ కుర్రాడొకడు రంగుల పటం తెచ్చి డోరీన్‌కు చూపించాడు. కిటికీలు లేని పెద్ద హాలు. లోపల మెత్తటి కుర్చీలు, కళ్లకు తగిలించుకునే అద్దాలు. కుర్చీ జానెడు మాత్రమే ఊగుతుంది. కళ్లకు మాత్రం కొండలు, సముద్రాలు, నక్షత్రాలు.

"వాన భయం లేదు, వరసలో నిలబడక్కర్లేదు" అన్నాడతను. "ఎత్తు కొలవక్కర్లేదు. చంటిపిల్లలు కూడా ఎక్కొచ్చు. రేపు అన్ని పార్కులూ ఇలాగే ఉంటాయి."

"మరి నా కొంగ?" అంది డోరీన్.

"దాన్ని దాచుకుంటాం. జనానికి పాత వస్తువులంటే ఇష్టం."

బెంచీ మీద కూర్చుని సూరిబాబు కూడా ఆ పటం చూశాడు. కుర్రాడు వెళ్లాక భార్యతో అన్నాడు: "మా హాలు మూసేముందు కూడా ఒకాయన ఇలాంటి పటమే తెచ్చాడే. పటంలో జనం భలే అందంగా ఉంటారు."

ఆ ఏడు మైత్రి చాలా ఎదిగింది. నా రెక్క కింద నిలబడి ఊపిరి బిగబట్టింది. తలకీ రెక్కకీ మధ్య రెండు వేళ్ల సందు. అవతల కోస్టర్ గొలుసు టకటకలాడుతూ బండిని చెక్క కొండెక్కిస్తోంది. డోరీన్ ఆ సందులోకి చూసింది, నోటీసు వైపు చూసింది, తర్వాత తల అడ్డంగా ఊపింది. నేను వంగగలిగితే ఆ రోజే వంగేదాన్ని. ఎల్మర్ మంచి వడ్రంగి.

"నీ వల్లే తాతయ్యా" అంది మైత్రి నెమ్మదిగా. "పోయినేడు దాటావు. వెనక్కి దాటలేదు."

సూరిబాబు ముఖంలో నవ్వు పోయింది. "నిజమేనే! కూర్చో, ఇప్పుడే దాటేస్తా."

పిల్ల అదే చోట కాళ్లు చాపింది. ఆయన నా రెక్క పట్టుకుని కుడికాలు లేపబోయాడు. మోకాలు లేవలేదు. ఎడమకాలు ప్రయత్నించాడు. ఆయన బరువంతా నా రెక్క మీద పడింది. చూసేవాళ్లకు కొంగతో నాట్యం చేస్తున్నట్టు ఉండి ఉంటుంది. కొందరు నవ్వారు కూడా.

"మోకాలు ఒప్పుకోటం లేదమ్మడూ" అన్నాడు ఆయాసపడుతూ. "ఆపరేషన్ చేయించుకుంటా. వచ్చే ఏడు రెండూ ఒకే రోజు చేసేద్దాం. ముందు వెనక్కి దాటడం, తర్వాత బండెక్కడం."

"ప్రామిస్?"

"సినిమా హాలు గేటోడి మాటే. గేటు దగ్గర అబద్ధాలాడితే ఆట మొదలవదు."

వచ్చే ఏడు అన్న మాట నా గుమ్మంలో రోజూ వినిపించేది. ఆ మాట మీదే నా ఉద్యోగం నడిచింది. అది అందరికీ వస్తుందనే నేనూ అనుకునేదాన్ని.

ఆఖరి వేసవి పొడవునా జనం వచ్చారు. మూసేస్తారంటే మనుషులకు ప్రేమ పుట్టుకొస్తుంది. ఏళ్ల తరబడి రానివాళ్లు వచ్చి నా పక్కన ఫోటోలు దిగి, కళ్లు తుడుచుకుని వెళ్లారు. ఒక మధ్యాహ్నం మంగతాయారు, మైత్రి వచ్చారు. ఇద్దరే. మంగతాయారు నుదుటి మీద బొట్టు చిన్నదైంది. డోరీన్ వాళ్ల వెనక ఇంకెవరైనా వస్తున్నారా అని చూసింది. తర్వాత లేచి, మంగతాయారు రెండు చేతులూ పట్టుకుంది.

మైత్రి వచ్చి నా కింద నిలబడింది. మునివేళ్ల మీద లేవలేదు, మెడ సాచలేదు. వెచ్చగా, మెత్తగా, ఆ పిల్ల నడినెత్తి నా రెక్కకు తగిలింది. డోరీన్ గొలుసు తీసింది.

పిల్ల కదల్లేదు. "ఒక్కదాన్నే ఎక్కను" అంది.

మంగతాయారు కొంగు నడుముకు చుట్టి దోపింది. కళ్లజోడు తీసి డోరీన్ చేతిలో పెట్టింది. రంగులరాట్నం కూడా ఎప్పుడూ ఎక్కని మనిషి. "పద" అంది. "ఆయన మాటిచ్చారు కదా. మాట పోకూడదు."

నా కన్ను ఒక వైపే చూస్తుంది. కాబట్టి బండి కొండెక్కడం, నది మీదకి దూకడం నేను చూడలేదు, విన్నాను. అరుపుల మధ్య ఒక గొంతు దేవుళ్లను వరసగా పిలవడం విన్నాను. తిరిగొచ్చేసరికి మంగతాయారు ముడి ఊడిపోయి, జుట్టు భుజాల మీద పడి ఉంది. కళ్లజోడు పెట్టుకుని అంది: "దీనికోసమా ఇంత గోల? మన నరసాపురం బస్సు ఇంతకంటే అదురుద్ది."

మైత్రి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అమ్మమ్మ పొట్టలో ముఖం దాచుకుంది.

ఆకులు రాలే కాలంలో నా తోబుట్టువును విప్పేశారు. కొండలు ముందు పోయాయి, తర్వాత ఒంపులు, చివరికి గొలుసు. దాని పలకలను చిన్న ముక్కలు చేసి, జ్ఞాపకంగా ఉంచుకొమ్మని అమ్మారు. హాలు తయారైన రోజున నన్ను తెచ్చి, మొదట చెప్పినట్టు, గుమ్మంలో పట్టించారు.

ఇప్పుడు నేను నిలబడ్డచోట ఎప్పుడూ సాయంత్రంలా ఉంటుంది. నేల మెత్తన, గోడలు నీలం. ఎవరి అడుగూ వినిపించదు. పిల్లలు రాగానే ఎక్కేస్తారు, దిగగానే వెళ్లిపోతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. అద్దాలు తీశాక వాళ్ల కళ్లలోనూ నక్షత్రాలుంటాయి, కొంతసేపు. నా కిందికి మాత్రం ఎవరూ రారు. రావడానికి రెక్క లేదు. వానలకు నది పొంగితే ఆ చప్పుడు గోడల్లోంచి కలలా వస్తుంది. అప్పుడు నా లేని రెక్క కింద ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు ఉంటుంది.

మొన్న మైత్రి వచ్చింది, అమ్మమ్మతో. ఇప్పుడు నా రెక్క ఉన్నా, అది ఆ పిల్ల భుజానికే తగిలేది. కోసిన చోట వేళ్లతో తడిమి చూసింది. తర్వాత నా కాళ్ల దగ్గర ఆ మెత్తటి నేల మీద కూర్చుని, పొడుగాటి కాళ్లు చాపింది.

మంగతాయారు కాసేపు చూసి, చీర కుచ్చిళ్లు కొద్దిగా పైకి పట్టుకుంది. "నన్ను దాటమంటావా, ఆయన బదులు?"

"వద్దమ్మమ్మా. దాటినవాళ్లే వెనక్కి దాటాలి. నువ్వే చెప్పావు."

"ఎదిగావు కదే, మళ్లీ ఎందుకు?"

పిల్ల చాపిన కాళ్లు అలాగే ఉంచింది. మంగతాయారు కుచ్చిళ్లు వదిలేసి మెల్లగా పక్కన కూర్చుంది. ఎవరో ఇద్దరు, అద్దాలు ఇంకా కళ్లకే ఉంచుకుని నడుస్తూ వాళ్ల కాళ్ల మీదకి రాబోతే, మైత్రి చెయ్యి అడ్డం పెట్టి వాళ్లను పక్కకి పంపింది. చాలాసేపటికి ఇద్దరూ లేచి వెళ్లిపోయారు.

పిల్ల ఎదిగింది. బండెక్కడం అయింది. వెనక్కి దాటడం ఇంకా కాలేదు.