మైకుసెట్టు దిగిన ఇల్లు

ఇంట్లో కూర్చుని పాటలు వినాలని పాతకాలపు హారన్ స్పీకర్లు కొనుక్కోవడం తప్పా? కొడవలూరులో మైకుసెట్టు వ్యాపారం మానేసిన హజరత్తయ్య దగ్గర ఒక జత దొరికింది. ఆ రేకు గొట్టంలోంచి వచ్చే గొంతు ఏ కొత్త స్పీకరుకూ రాదు. ఆయనే ఆటోలో తెచ్చి మా చిల్లకూరు ఇంటి ముందు దింపి వెళ్ళాడు. హాల్లో బిగించి, మంచం పట్టిన అమ్మకు వినబడాలని ఆమెకిష్టమైన పాత క్రైస్తవ గీతాలు వరసగా పెట్టాను.

మా వీధిలో క్రైస్తవుల ఇంటి ముందు మైకుసెట్టు దిగి గీతాలు మొదలయ్యాయంటే, ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. నాకు తట్టలేదు సరే, ఊరూరా చావు ఇళ్ళకు మైకు కట్టిన హజరత్తయ్యకైనా తట్టొద్దూ?

వాకిట్లో ఎవరో కుర్చీలు వేస్తున్నారు. చర్చి కమిటీ గొడవతో అమ్మతో మాటలు మానేసిన తిమోతి మామ, చేతిలో పూలదండతో, "అక్కా, పోయినావా!" అని ఏడుస్తూ లోపలికి దూసుకొచ్చాడు. పాట ఇంకా మోగుతూనే ఉంది.

అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. మామ చేతిలోంచి దండ జారిపోయింది.

అమ్మ అతన్నే చూస్తూ అంది: "కూర్చో తిమోతీ, టీ తాగు. ఇప్పుడు వచ్చినావు గదా, నేను నిజంగా పోయినప్పుడు రాకపోయినా పర్వాలేదు."