పుచ్చు కర్ర

కర్రల అడితివాడు ఏరి పారేసిన మొద్దులే ఆ ఇంటికి అన్నం పెడుతున్నాయి. పుచ్చినవీ పగిలినవీ పురుగు తొలిచినవీ బండి మీద వేయించుకొచ్చి, మామగారు లేత్ మీద తిప్పి గిన్నెలు చేస్తాడు. పుచ్చు పాకినచోట కర్రలో నల్లటి గీతలు పడతాయి, ఎవరో సన్నటి కలంతో గీసినట్టు. ఆ గీతలున్న గిన్నెలకే గిరాకీ. చిక్కల్లా ఒకటే, పుచ్చు ఎంత లోతుకి దిగిందో ముందే తెలియాలి. కాస్త మెత్తబడినదానికి నీళ్ళలాంటి పల్చటి జిగురు పట్టించి గట్టిపరచవచ్చు. లోపలంతా గుల్లైపోయినదాన్ని తెలియక బిగిస్తే, అది తిరుగుతూ తిరుగుతూ పేలి మనిషి మొహం మీదికే వస్తుంది.

తెలుసుకోవడానికి ఆయనకొక పద్ధతుంది. మొద్దుని ఎడమచేత ఎత్తిపట్టి, కుడిచేతి కణుపులతో ఒక్కటి కొట్టి, తలెత్తి ఒక క్షణం ఆగుతాడు. మంచి కర్ర టంగుమంటుంది. పుచ్చుది తడిగోడని తట్టినట్టు చప్పగా పలుకుతుంది. మనుషుల మాట మాత్రం ఆయనకి అరిస్తే గాని వినపడదు. అడితివాడు ఆయన్ని రేడియో అంటాడు, దాని మాట మనం వినడమే గాని మన మాట అది వినదని. మామగారు అది తెలిసీ నవ్వేవాడు. మనుషులు చెప్పేదాంట్లో వినాల్సినంత ఏముంది, కర్ర చెప్పేది వినపడితే చాలు అనేవాడు. నిజమే, కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టిన పదిహేనేళ్ళలో ఒక్క మొద్దు దగ్గర కూడా ఆయన లెక్క తప్పలేదు.

తప్పులు ఈ మధ్యే మొదలయ్యాయి.

ఆమె భర్త మూడురోజుల జ్వరంతో పోయి ఎనిమిది నెలలైంది. ఆ తర్వాత కూడా ఆమె లేచింది, వండింది, గిన్నెలకి గరుకు కాగితం పట్టింది. టీ వేడిగా ఉందో చల్లారిందో తాగాక కూడా తెలిసేది కాదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఏడు తల్లీ, తేలికపడతావు అన్నారు. ఆ ఏడుపు ఎక్కడుందో వెతుక్కునే ఓపిక ఆమెకి లేకపోయింది.

మామగారు కొట్టిచూసి మంచివని పక్కన పెట్టిన కుప్పలో పుచ్చువి రాసాగాయి. ఆయన కొట్టినప్పుడే ఆ చప్పటి చప్పుడు ఆమెకి వినపడేది. నోరు మెదపలేదు. చెవి పోయిందని చెబితే చేతిలోంచి ఉలి లాక్కున్నట్టే. కొడుకు పోయిన మనిషికి మిగిలిందల్లా ఆ ఉలి. అందుకని మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళ, ఆ మొద్దులు తీసి మెత్తగా ఉన్నచోటల్లా జిగురు చుక్కలు వేసేది. కర్ర తాగినంతా తాగించి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కుప్పలో పెట్టేది.

ఒకరోజు ఇంకో మొద్దుకీ అలాగే వేసింది. జిగురు పైపైనే ఆగిపోయింది. మర్నాడు పొద్దున మామగారు గిన్నె లోపల తొలుస్తుండగా ఉలి ఆ గట్టి పొర దాటింది. ఫట్‌మంది. ఒక ముక్క కిటికీ చెక్కకి తగిలింది, ఇంకొకటి ఆయన కనుబొమ్మ చీల్చింది. అర అంగుళం కిందికైతే కన్నే పోయేది.

ఆమె లేత్ ఆపి, స్టూలు మీద కూర్చోబెట్టి, తడిగుడ్డతో అదిమిపట్టింది. ఆమె చెయ్యి వణకలేదు. వణకనందుకు భయం కూడా వెయ్యలేదు. ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది.

"ఇంక మానేద్దాం మావయ్యా. కర్ర మీకు వినపడ్డం లేదు."

"అదిప్పుడు పోయిందా ఏంటి? నువ్వు కాపరానికొచ్చిన రెండో ఏడే పోయింది."

"మరి ఇన్నేళ్ళూ ఎలా చెప్పారు?"

"నీ మొహం చూసి." ఆయన గుడ్డ తన చేతిలోకి తీసుకున్నాడు. "పుచ్చుదైతే నీ కనుబొమ్మలు ముడిపడేవి. మావాడికీ ఆ సంగతి తెలుసు. నన్ను ఆటపట్టించడానికి మంచిదానికి కూడా మొహం చిట్లించేవాడు వెధవ. అందుకే వాణ్ణి నమ్మేవాణ్ణి కాదు. నీదే చూసేవాణ్ణి."

ఆమె ఆయన చెంప మీదికి జారిన రక్తం కొంగుతో తుడిచింది.

"ఈ ఎనిమిది నెలల్నుంచి నీ మొహం కదల్లేదమ్మాయ్. అన్నీ మంచివే కాబోలు అనుకున్నా."

ఆమె వెళ్ళి, తను చాటుగా జిగురేసిన మొద్దులు ఇంకో మూడు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. ఆయన వాటి మీద మెరుస్తున్న మరకలు వేలితో తడిమి, నువ్వా అన్నట్టు చూశాడు. ఆమె తలూపింది. ఇద్దరూ దొంగలమేనన్నమాట అన్నాడాయన. నవ్వబోతే కనుబొమ్మ సలిపి ఊరుకున్నాడు.

మిగిలిన కుప్పలోంచి ఒకటి ఎత్తి కొట్టాడు. ఆమె వైపు చూశాడు. చప్పగా పలికిందని ఆమెకి తెలుసు. మొహం ఏదో ఒకటి చెయ్యాలని కూడా తెలుసు. చెయ్యబోయింది, కుదరలేదు.

"పుచ్చు," అని అరిచింది.

"ఎంత లోతు?"

"వేలెడు ఉంటుంది."

అయితే మంచివి తను తిప్పుతానని, పుచ్చు వినపడేది ఆమెకే కాబట్టి పుచ్చువి ఆమెనే తిప్పమని ఆయన తేల్చేశాడు. ఆమె ఎప్పుడూ ఉలి పట్టలేదని గుర్తుచేస్తే, చేతులున్నాయిగా అన్నాడు. మొహానికి అడ్డం పెట్టుకునే గాజు తొడుగు, తను ఏనాడూ వాడనిది, ఆమె తలకి తొడిగి, ఆ మొద్దునే లేత్‌కి బిగించి, వేగం బాగా తగ్గించి, తను పక్కకి జరిగాడు.

మొదటి పొట్టు పొడిపొడిగా రాలింది. ఉలి అదురు మణికట్టు దాటి మోచేతిదాకా వచ్చింది. ఆమె లేత్ ఆపి వేలితో నొక్కి చూసింది. ఇంకా మెత్తగానే ఉంది. సీసా వంచి చుక్కచుక్కగా పోసింది. పోసినది పోసినట్టే లోపలికి పోయింది.

ఎందుకాపావని ఆయన అడిగాడు.

"ఇంకా తాగుతోంది మావయ్యా," అంది. "రేపటిదాకా ఆగాలి."

ఆయనకి వినపడలేదు. ఆమె దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పింది.