నా చేత్తో పొదగేసిన గుడ్లు

పొదుగుతున్న పెట్టను పొద్దున్నే లేపి మేతకు తోలడం నా పని. తోలకపోతే అది తిండీ నీళ్లూ మానేసి గుడ్ల మీదే కూర్చుంటుంది. దాన్ని చూసి మా అత్త కాసులమ్మ, "అదీ ఆడదంటే" అంది ఒకరోజు. నేను అప్పటికే వంట చేసి, ఆయనకు క్యారియరు కట్టి, బడికి తయారై, కుచ్చిళ్లు పైకి దోపుకుని గంప చుట్టూ రెట్ట ఎత్తుతున్నాను. ఆ మాట నాకు తగలాలనే అందని తెలుసు. ఆవిడ ఏ మాటన్నా రెండుసార్లు తిప్పి చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఈ దీవిలో, హాడోలో ఈ క్వార్టరు టీచరుగా నాకిచ్చింది. మా ఆయన సత్యారావు చాతం రంపపు మిల్లులో పని చేస్తారు. పెళ్లయి ఎనిమిదేళ్లు, పిల్లల్లేరు. డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, "నీలో ఏ లోపమూ లేదు, ఈసారి మీ ఆయన్ని తీసుకురా" అంది. ఇంటికొచ్చి చెబితే ఆయన, "నాకేటి రోగం? ఛోడో" అని రేడియో పెంచుకున్నారు. అత్త ఊరినుంచి స్టీమరెక్కి సముద్రం దాటి వచ్చింది అందుకే. ఆవిడ తమ్ముడికి పెళ్లీడు కూతురుంది.

పిల్లల్లేనిదాని చేత్తో పొదగేస్తే గుడ్లు మురిగిపోతాయని వాళ్ల వైపు నమ్మకం. అత్త వచ్చినప్పటినుంచీ గుడ్లు గంపలో పెట్టడానికి నలుగురు పిల్లల తల్లి, పక్కింటి కామమ్మను పిలిచేది. చాకిరీ నాది, మంచి చెయ్యి అన్న పేరు కామమ్మది. ఈసారి నేను ఒప్పుకోలేదు.

"అయితే నువ్వే ఎయ్యి. పిల్లలు దిగితే నేనింక నోరెత్తను. దిగకపోతే నా కొడుకుని తీసుకెళ్లి పెళ్లి చేసి తెస్తాను. అడ్డు రాకూడదు మరి" అంది అత్త. ఆయన అక్కడే కూర్చుని కాలి గోళ్లు తీసుకుంటున్నారు. సరేనన్నాను. నా కాపురాన్ని ఒక కోడి కింద పెట్టినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. కానీ మా బోడిమెడ పుంజు మీద నాకు నమ్మకం. అది తొక్కిన పెట్ట గుడ్లు ఎప్పుడూ వమ్ముకాలేదు.

పెట్ట కొత్తగా పెట్టే గుడ్డు కలిసిపోకుండా పొదగేసిన వాటికి బొగ్గుతో గీత గీస్తాం. నేనూ గీశాను. వారం తిరక్కుండానే చూస్తే గీతలు లావుగా కనిపించాయి. నేను గీసేది సన్నగా. ఈకల రాపిడికి చెరిగితే పలచబడాలి గాని లావెలా అవుతాయి? ఎవరైనా గుడ్లు మార్చారేమో, లోపల పిల్ల కడుతోందో లేదో దీపానికి పట్టి చూద్దామంటే, మధ్యలో ముట్టుకుని పాడుచేశానని అత్త అంటుంది. అప్పటినుంచి ఆవిడ మీద కన్నేసి ఉంచాను. ఆవిడ పెరట్లోకి వెళితే బట్టలు ఆరేసే వంకతో నేనూ వెళ్లేదాన్ని. అన్నం వడ్డిస్తూ ఆవిడ చేతుల మీద పెట్ట పొడిచిన గాట్లున్నాయేమోనని వెతికేదాన్ని. లేవు. అయినా నా అనుమానం తీరలేదు.

ఆవిడా ఊరుకోలేదు. "ముట్టయినప్పుడు గంప దగ్గరికి వెళ్లలేదు కదా?" అని ఆయన ముందే అడిగేది. నాకు చచ్చేంత సిగ్గేసేది. ఆయన మాత్రం మణికట్టు మీది గాయం చూసుకునేవారు. మిల్లులో చెక్కపేడు గుచ్చుకుందన్నారు. పసుపు రాసి గుడ్డ కట్టింది నేనే.

మూడు వారాలు దాటినా ఒక్క పిల్లా దిగలేదు. గుడ్లు పగలగొట్టి చూశాను. అన్నీ మురుగు నీళ్లే, ఒక్కదాన్లోనూ నెత్తుటి చార లేదు. అత్త లోపలికెళ్లి పెట్టె సర్దడం మొదలుపెట్టింది. "అమ్మ మాట కాదనలేను కదా" అన్నారాయన, నా వైపు చూడకుండా. ఆ రాత్రి కూడా ఆయనకు ఇష్టమని చేపల పులుసు పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలీదు.

ఆదివారం ప్రార్థన ముగించుకుని మేరమ్మ వచ్చింది. ఆయనతో మిల్లులో పనిచేసే యిర్మియా భార్య, బాంబూఫ్లాట్‌లో ఉంటారు. అత్త, ఆయన వరండాలో టీ తాగుతున్నారు.

"టీచర్ దీదీ, భయ్యా ఇచ్చిన గుడ్లు ఒక్కటీ పోలేదు. అన్నీ దిగాయి, సగం మీ పుంజులాగే బోడిమెడవే. మీ పెట్ట పాము కరిచి చచ్చిపోయిందంట కదా, గీతలు గీసిన గుడ్లు పారెయ్యలేక తెచ్చానన్నారు" అంది.

మెట్ల దగ్గర పెట్ట మట్టి కెలుకుతోంది. మేరమ్మ దాన్ని చూసింది, తర్వాత ఆయన్ని చూసింది.

"ఏట్రా ఇది?" అంది అత్త. ఆవిడకు తెలీదు. ఆ గొంతు వింటేనే అర్థమైంది. ఇన్నాళ్లూ నేను కాపలా కాసింది తప్పు మనిషిని.

నేను వేస్తే గుడ్లు దిగవని ఆయన అనుకుని ఉంటే మార్చే పనేముంది? నా చెయ్యి మంచిదని ఈ ఇంట్లో గట్టిగా నమ్మిన మనిషి ఆయనొక్కరే. లోపం ఎవరిదో కూడా ఆయనకు తెలుసు, ఎనిమిదేళ్లుగా తెలిసే రేడియో పెంచుకున్నారు. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. మేరమ్మకు పీట వేసి టీ పోశాను.

అప్పుడు ఆయన వైపు తిరిగి అన్నాను. "రేపు స్టీమర్ టికెట్లకు వెళ్తారు కదా. మీకూ అత్తకూ పోవడానికే తీయండి. రావడానికి అక్కర్లేదు."