బండి మెడ మీది నంబర్

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నది ఐదుగురం. వంటింట్లో అమ్మ. గడప పక్కన నులక మంచం మీద నాయనమ్మ సత్తమ్మ. వాకిట్లో నాయిన సోమనర్సయ్య. మానుకోట నుంచి పొద్దటి బస్సుకే దిగిన చిన్నాయిన ఎల్లేశ్. ఇంకా నేను, సంగీతను, ఇంటర్ మొదటి సంవత్సరం. బండిని కూడా లెక్కపెడితే ఆరుగురం. కానీ ఆ రోజు బండి ఒక్కచోట లేదు. టాంకీ గోనెసంచి మీద ఉంది. సీటు జామచెట్టు కింద ఉంది. చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. నట్లూ బోల్టులూ అమ్మ ఇచ్చిన రెండు సత్తు గిన్నెల్లో ఉన్నాయి.

అది హీరో హోండా. రెండు వేల ఐదులో నాయిన కొన్నాడు. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. నాయిన గోపాలమిత్ర. దేవరుప్పుల చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, ఎదకొచ్చిన బర్రెలకు, ఆవులకు చూడి కట్టే సూదులు వేస్తాడు. పూట దాటితే ఆ సూది పనికిరాదు, ఫోన్ రాగానే బయలుదేరాలి. బండి లేకపోతే ఆయనకు ఆ పని లేదు.

బండి కాగితాల గడువు ఆ నెల ఇరవైతో అయిపోతోంది. జనగామలో బండ్ల ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి. సార్ బాగుందంటే ఇంకో ఐదేళ్లు రోడ్డు మీద తిరగొచ్చు. కాదంటే తుక్కుకే. బుధవారం రమ్మన్నారు. అందుకే చిన్నాయిన వచ్చాడు. ఆయన మానుకోటలో బండ్లకు రంగులేసే షెడ్డులో పని చేస్తాడు.

"కొత్తది తీస్కోరాదు అన్నా. గిది అవ్వకన్న ఎక్కువ దగ్గుతాంది" అన్నాడు చిన్నాయిన, తుప్పు పట్టిన సైలెన్సర్‌ను చేతిలో తిప్పుతూ.

"దగ్గినా తొవ్వల ఎన్నడు ఆగలే గదరా" అన్నాడు నాయిన.

"మీ నాయిన గూడ దగ్గుకుంట దగ్గుకుంటనే ఎనభై ఏండ్లు బతికిండు. మాటలు సాలు, పని జూడుర్రి" అంది నాయనమ్మ మంచం మీంచి.

రంగు దగ్గర అన్నదమ్ములకు కాసేపు పడలేదు. నాయినకు పాత నలుపే కావాలి, టాంకీ మీద పాత ఎర్ర గీతే కావాలి. చిన్నాయినకు పులి బొమ్మ వేయాలని ఉంది.

"పులిని జూసి బర్రెలు బెదిరితే సూది నీకు ఏస్తనా?" అన్నాడు నాయిన. చిన్నాయిన నవ్వి బొమ్మల కాగితం సంచిలో పెట్టేశాడు.

మార్చడానికి నాయిన ఒప్పుకున్నది ఒక్కటే. సీటు వెనక పొగ డబ్బా నిలబెట్టే ఇనుప రింగు. పొగ డబ్బా అని నేను చిన్నప్పుడు పెట్టిన పేరు. సూది మందు చెడిపోకుండా అందులో చాలా చల్లగా ఉంచుతారు. మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది. పాత రింగు భూపాలపల్లిలో చేయించింది. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నాయిన రెండేళ్లు అక్కడి ఊళ్లలో పనిచేశాడు. శనివారం సాయంత్రం హనుమకొండ మీదుగా వంద కిలోమీటర్లకు పైగా తోలుకుంటూ ఇంటికి వచ్చేవాడు. ఆ రింగులో డబ్బా గలగలమనేది. మా వీధి మలుపు తిరగకముందే ఆ చప్పుడు వినిపించేది. నేను పలక కింద పడేసి ఉరికేదాన్ని.

నాయిన బండి దిగేవాడు కాదు. నన్ను ఎత్తి టాంకీ మీద కూర్చోబెట్టుకునేవాడు. టాంకీ కాలుతుందని నాయనమ్మ కుట్టిన బొంత ముక్క ఒకటి దాని మీద కట్టి ఉండేది. బడి దాకా పోయి తిరిగి వచ్చేవాళ్లం. నేను హ్యాండిల్ నడుమ రెండు చేతులూ వేసి, బండి మెడ మీదికి వంగి, నేనే తోలుతున్నాననుకునేదాన్ని. ఎదురొచ్చిన వాళ్లు కూడా అలాగే అనేవాళ్లు. "ఓ సంగీతా, జర మెల్లగ తోలు బిడ్డా, మీ నాయిన వడ్తడు."

తర్వాత నేను పెద్దదాన్ని అయ్యాను. ఏడో తరగతిలో ఉన్నప్పుడు పొగ డబ్బాను చూసి పిల్లలు ఏదో అని నవ్వారు. ఆ మాట నేను ఎక్కడా రాసుకోలేదు. మర్నాటి నుంచి బడికి కొంచెం దూరంలోనే దిగిపోయేదాన్ని. ఎందుకని నాయిన అడగలేదు. నేను చెప్పకముందే అక్కడ బండి ఆపడం అలవాటు చేసుకున్నాడు.

అందుకే ఆ ఆదివారం పని అడిగి తీసుకున్నాను. చిన్నాయిన గరుకు కాగితం, లప్పం డబ్బా నా ముందు పెట్టాడు. గోడలకు పెట్టినట్టే ఇనుముకూ లప్పం పెడతారని అప్పుడే తెలిసింది.

"తుప్పంత గీకు. ఏడ గుంతలున్నా లప్పం నింపు. ఆరినంక నున్నగ రుద్దు. అవ్వ చెంప లెక్క ఉండొద్దు" అన్నాడు.

"నా చెంపకేమైందిరా? ఈ చెంప మీదనే గదరా ముద్దులు వెట్టి పెరిగినవ్" అంది నాయనమ్మ.

నేను మెడ దగ్గర మొదలుపెట్టాను. క్లచ్ తీగల కింద కుడిపక్కన మట్టి, జిడ్డు కలిసి రాయిలా గట్టిపడ్డాయి. గీకితే కింద ఎగుడుదిగుడుగా గాట్లు కనిపించాయి. ఇరవై ఏళ్లుగా తీగలు రాసుకుని ఇనుము తిన్నాయనుకున్నాను. చిన్నప్పుడు నా రెండు చేతుల మధ్య కనిపించిన చోటు అదే. అది అందంగా ఉండాలనిపించింది. ఒక పూత లప్పం పెట్టాను. ఆరాక ఇంకో పూత పెట్టాను. ఎడమ కొస దగ్గర ఎత్తుగా అనిపిస్తే అక్కడ ఇంకా గట్టిగా రుద్దాను.

అది అయ్యాక టాంకీ కూడా రుద్దాను. చిన్నాయిన దాని మీద వేలితో రాసి చూశాడు. "మా షెడ్డుల మొగోళ్లకు గూడ గింత నున్నగ రాదు" అన్నాడు. నాలుగు గంటలకు రంగు కొట్టి, చేతులు కడుక్కుని, ఆరు గంటల బస్సుకు వెళ్లిపోయాడు.

సోమవారం నాయిన ఒక్కడే కూర్చుని బండిని మళ్లీ బిగించాడు. ఏ నట్టు ఎక్కడిదో ఎవరినీ అడగలేదు. కొత్త రింగు లోపల పాత ట్యూబు ముక్క చుట్టాడు. తోలి చూస్తే డబ్బా చప్పుడు చేయలేదు. బాగుందని అందరూ అన్నారు. నాకు మాత్రం బండి ఏదో మాట్లాడటం మానేసినట్టు అనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం నాయిన ఫారం తీసుకుని వచ్చాడు. ప్రతి బండికీ మెడ మీద ఒక నంబర్ కొట్టి ఉంటుందట. దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు దిగుతాయట. పోయినసారి ఆ పని ఎవరో ఏజెంటు చేసిపెట్టాడు కాబట్టి నాయిన కూడా ఎన్నడూ చూడలేదు. నా పెన్సిల్ తీసుకుని, మెడకు కాగితం ఆనించి రుద్దాడు. బూడిద రంగు తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి రుద్దాడు. మూడోసారికి చేయి ఆపేశాడు.

చిన్నాయినకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నంబర్ కనవడ్తలేదురా. అద్దం లెక్కున్నది."

"నేను ఆడ రంగు పల్చగనే కొట్టిన గదనే. ఆడ గూడ ఎవలన్న లప్పం పెట్టిర్రా ఏంది?"

నాయిన మెడ మీద వేలు పెట్టి ఇంకోసారి తడిమాడు.

"అన్నా, నంబర్ లేకుంటే దొంగ బండి అంటరు. రోడ్డెక్కనియ్యరు."

"నేనే పెట్టిన కావచ్చురా. యాదికి లేదు" అన్నాడు నాయిన. ఆయన ఆ డబ్బా ముట్టనే లేదు. నా వైపు చూడకుండా ఫోన్ పెట్టేసి, ఫారం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇరవై ఏండ్లాయె. తిరిగింది సాలు తియ్" అన్నాడు అమ్మతో.

"మరి రేపటి సంది ఎట్ల వోతవ్?" అంది అమ్మ.

నాయిన కొత్త నలుపు మీద పడిన దుమ్మును కండువాతో తుడుస్తూ కూర్చున్నాడు.

నాకు మాటలు రాయడం వచ్చినంత తేలిగ్గా పలకడం రాదు. క్లాసులో హాజరు పిలిస్తే చేయి ఎత్తుతాను. తలుపు వెనక నిలబడి ఆ ఒక్క వాక్యాన్ని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. చివరికి బయటికి వచ్చి అన్నాను.

"నాయినా, లప్పం నేనే పెట్టిన. రెండు పూతలు."

"ఎరికే బిడ్డా."

"నేనే తీస్త."

"అంకెలు వోతయ్ గదా."

మళ్లీ చిన్నాయినకు ఫోన్ చేశాం. ఈసారి నేనే మాట్లాడాను. ఇనుపది ఏదీ తగలనీయొద్దని, రంగు పల్చబరిచే తిన్నర్‌లో గుడ్డ ముంచి అతికించి ఉంచితే లప్పం మెత్తబడుతుందని, అప్పుడు చీపురు పుల్లతో తీయమని చెప్పాడు. మిగిలిన తిన్నర్ సీసా జామచెట్టు కిందే ఉంది.

ఎండ వాలేదాకా అదే పని. గుడ్డ పెట్టడం, ఆగడం, పుల్లతో కొంచెం కొంచెంగా తీయడం. నాయిన పక్కనే పీట వేసుకుని, ఆ నంబర్ రాసి ఉన్న బండి కార్డు పట్టుకున్నాడు. "నేను చెప్ప. నీకు కనవడ్డదే నువ్వు చెప్పు" అన్నాడు. ఒక్కో అక్షరం బయటపడుతుంటే పైకి చదివాను. ఆయన కార్డులో చూసి తల ఊపాడు. ఆగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పాడు.

"నిన్ను జనగామ దవాఖాన నుంచి తెచ్చింది గీ బండి మీదనే. మీ అమ్మ ఒళ్ల నువ్వు. గంట తొవ్వకు రెండు గంటలు పట్టింది. ఇంక మెల్లగ పో అని మీ అమ్మ వీపుల గుద్దుతనే ఉన్నది."

"సైకిళ్లోళ్లు మమ్ముల దాటిపోయిర్రు" అంది అమ్మ లోపలి నుంచి.

అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. ఎడమ కొసన ఉన్న మొదటి అంకె. కార్డులో అది ఎనిమిది. పెన్సిల్‌తో రుద్దితే కాగితం మీద మూడు పడింది. నేను గట్టిగా రుద్దిన చోటు అదే.

బుధవారం నాయిన చొక్కా వేసుకుంటుంటే నేను కూడా తయారై నిలబడ్డాను.

"కాలేజీ లేదా?"

"ఉన్నది. నేను గూడ వస్త."

ఆయన బండి స్టార్ట్ చేసి, నేను ఎక్కేదాకా ఆగాడు.

ఆఫీసు ఆవరణలో సార్ బండి చుట్టూ తిరిగాడు. లైటు, హారన్, బ్రేకు చూశాడు. వెనక రింగు చూసి ఇదేంటని అడిగి, విని, మంచి పని అన్నాడు. తర్వాత మెడ దగ్గర వంగి పెన్సిల్ కాగితాన్ని పక్కన పెట్టి చూశాడు.

"ఇక్కడ కొత్తగా గీకినట్టుంది. కార్డులో ఎనిమిది, ఇక్కడ మూడు. ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే సార్" అన్నాడు నాయిన.

"నేను సార్" అన్నాను నేను.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. సార్ నా వైపు తిరిగాడు. లప్పం సంగతి, తిన్నర్ సంగతి, చీపురు పుల్ల సంగతి మొత్తం చెప్పాను. బయటి మనిషితో అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. నాయిన నేల వైపు చూస్తున్నాడు.

"అయితే ఇది మూడు కాదంటావా?"

"కాదు సార్. ఎడమ పక్క నేనే అరగదీసిన. గోరు పెట్టి చూస్తే తెలుస్తది. రెండు వంపులు ఇంక ఉన్నయ్."

ఆయన గోటితో మెల్లగా తడిమాడు. ఇంకోసారి తడిమాడు. ఫోన్ లైటు వేసి పక్క నుంచి చూశాడు. నాకు పక్క బండ్ల చప్పుళ్లు కూడా వినిపించలేదు. ఆయన నిలబడి ఫారం మీద ఏదో రాశాడు.

"ఎనిమిదే" అన్నాడు. "మళ్లీ ఇక్కడ ఏ కాగితంతోనూ రుద్దకమ్మా. ఓనర్, లోపలికి రండి, ఇంకో ఐదేళ్లకు సంతకం పెట్టాలి."

నాయిన రెండు చేతులూ కండువాకు తుడుచుకుని సార్ వెనక నడిచాడు. నేను ఆయన వెనక నడిచాను. గది ముందు స్టూలు మీద కూర్చున్న అటెండర్ లేచి చేయి అడ్డం పెట్టింది.

"నువ్వేడికి బిడ్డా?"

"ఆయన మా నాయిన."

"బండి నీ పేరు మీద ఉన్నదా?"

"లేదు."

"మరింక ఈడనే ఉండు" అని, ఆమె తలుపు వేసేసింది.