డెస్ హాలోరన్ మర్యాదగా మాట్లాడిన రోజు

వెండెల్ స్టకీ మూడో డబ్బా బీట్‌రూట్ విప్పి, నీరు వంచేసి, ముక్కల్ని పళ్లెంలో పరుస్తున్నాడు. తొమ్మిదిన్నర అవుతోంది. ఓవెన్‌లో పిండి పొరల మధ్య మాంసం కూరిన పైలు ఇరవై నాలుగు ఎర్రబడుతున్నాయి. గ్రేవీ గిన్నె సన్నసెగ మీద ఉంది. హ్యాంబర్గర్‌లో బీట్‌రూట్ ఏమిటని, ఈ దేశానికి వచ్చిన కొత్తలో అతను ఒక ఏడాది పోరాడాడు. ఆ ఏడాదంతా లారీ డ్రైవర్లు రొట్టె పైముక్క ఎత్తి చూసి, "ఇందులోంచి ఏదో దొంగలెత్తుకుపోయారు బాబూ, పోలీసులకి చెప్పావా?" అని అడిగేవారు. చివరికి ఓడిపోయింది వెండెలే. ఇప్పుడతని వేళ్ల చివర్లు ఏ కాలంలోనైనా ఎర్రగానే ఉంటాయి.

మనిషి పొడగరి. అరవై ఒకటి నడుస్తోంది. ఇరవై ఏడేళ్లు పొయ్యి మీదికి వంగీ వంగీ వీపుకి కాస్త గూని వచ్చింది. బయట నలభై మూడు డిగ్రీల ఎండ కాస్తున్నా చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా వేసుకుంటాడు, వచ్చిన ప్రతివాణ్నీ 'అండీ' అని పలకరిస్తాడు, వెళ్లేవాళ్లతో 'శుభంగా వెళ్లిరండి' అంటాడు. పెట్రోలు బంకూ, దాని వెనక ఈ వంటిల్లూ, ఎనిమిది బల్లలూ, అద్దెకిచ్చే నాలుగు గదులూ తప్ప మరేమీ లేని బింజారా వెల్‌లో ఆ మర్యాద ఎవరికీ అక్కర్లేదు. అయినా వాళ్లమ్మ అమెరికాలోని అర్కాన్సాలో చిన్నప్పుడు నేర్పినది ఇక్కడి ఎండకి కరిగిపోలేదు.

అమెరికా నౌకాదళంలో వంటవాడుగా ఈ దేశపు పడమటి తీరంలోని రేడియో స్థావరానికి వచ్చాడతను. అక్కడి లాండ్రీలో పనిచేసే నోరీన్, మొదటి రోజే అతని టోపీ చూసి, "అది నెత్తిమీద పెట్టుకునేదా, అందులో ఐస్‌క్రీమ్ వేసిస్తారా?" అంది. మూడేళ్ల గడువు తీరాక తోటివాళ్లంతా విమానమెక్కారు. వెండెల్ ఎక్కలేదు. అతని జీవితంలో చెప్పుకోదగ్గ సంగతి అదొక్కటే. మిగిలినదంతా పైలూ, గ్రేవీ, టీ.

మనసులో మాత్రం ఒక ముల్లు ఉండేది. ఇన్నేళ్లలో ఇక్కడివాళ్లెవరూ అతనితో ఒక్క మంచి మాట అనలేదు. వంట బాగుందని అనరు, పళ్లెం నాకినంత పని చేసి, "చచ్చిపోలేదు కదా, పర్లేదు" అని లేచిపోతారు. పొద్దున్నే ఆరింటికి నోరీన్ గ్యాస్ బండల కోసం నూటపది కిలోమీటర్ల అవతల ఉన్న టౌనుకి బయల్దేరినప్పుడు కూడా, అతను రోజూ అన్నట్టే, "నువ్వంటే నాకు ప్రాణం నోరీన్" అన్నాడు. ఆమె వ్యాను రివర్సు చేస్తూ, "సర్లే ముసలోడా, ఉల్లిపాయలు మాడ్చకు" అంది. ఆవిడ మనసు అతనికి తెలుసు. తెలిసినా, చెవులకి కూడా ఆకలుంటుంది కదా. తనని వీళ్లు తమవాడనుకుంటున్నారా, ఇంకా దారినపోయే అమెరికావాడు, యాంకీ అనే అనుకుంటున్నారా అన్నది అతనికి ఇప్పటికీ తేలలేదు. అడగడానికి సిగ్గు.

అందరికన్నా అన్యాయం డెస్ హాలోరన్‌ది. రోడ్డు పనులకి నీళ్ల ట్యాంకరు తోలే మనిషి. పొట్టిగా, దుంగలా ఉంటాడు. ఎండకి చెవులు పొట్టు రేగి ఉంటాయి. రోజూ సరిగ్గా పదింటికి తలుపు దభీమని తోసుకుని వచ్చి, కౌంటరు ముందు స్టూలెక్కి, "ఏరా యాంకీ, నిన్నింకా దేశంలోంచి తరమలేదా?" అంటాడు. అక్కణ్నించి మొదలు. పైలో మాంసం కంగారూదా, నీ పాత బూటుదా? ఈ టీ తాగితే యుద్ధంలో మీవాళ్లు ఎందుకు ఆలస్యంగా వస్తారో తెలుస్తోందిరా. ఇద్దరూ కుర్రతనంలో వియత్నాం వెళ్లొచ్చినవాళ్లే. ఏప్రిల్లో అమరవీరుల రోజున తెల్లవారుజామున ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు. అప్పుడు కూడా డెస్, "కడుపు లోపలికి లాక్కో, జెండా కనపడ్డంలేదు" అని గొణుగుతాడు.

మొదటి ఏడాది నవంబరులో వెండెల్ తమ దేశపు పండక్కి టర్కీ కోడి వండి, చుట్టుపక్కల అందరికీ చక్కటి చీటీలు రాసి పిలిచాడు. అంత మర్యాదగా పిలిచేసరికి ఇదేదో చర్చి చందాల వ్యవహారమని భయపడి ఒక్కడూ రాలేదు. డెస్ ఒక్కడు వచ్చాడు. "ఈ కోడికేం రోగం, ఇంత వాచిపోయింది?" అని మూడుసార్లు వడ్డించుకున్నాడు. వెండెల్ వాళ్లమ్మ పోయినప్పుడు, కబురందేసరికే అక్కడ అంత్యక్రియలైపోయాయి. మర్నాడు డెస్ వచ్చి వంటింట్లో బోర్లించిన బకెట్ మీద కూర్చుని, అరబస్తా బంగాళాదుంపలు ఒలిచాడు. అమ్మ ఊసెత్తలేదు. "నువ్వు చెక్కు తీస్తుంటే దుంపలు ఏడుస్తున్నాయిరా" అన్నది ఒక్కటే మాట. వెండెల్‌కి కళ్లనీళ్లు తిరిగాయి, కోపంతో. తర్వాత నోరీన్‌తో చెప్పుకుంటే ఆమె వింతగా చూసింది. "అవతలి రోడ్డు పని మానుకుని నూట ఎనభై కిలోమీటర్లు వచ్చాడు వాడు, నీ దుంపలు ఒలవడానికి. ఇంకేం కావాలి నీకు?" అంది. అర్థమైందన్నాడు వెండెల్. బుర్రకి అర్థమైంది గాని, మనసుకి ఎక్కలేదు.

ఆ రోజు డెస్ పదింటికి రాలేదు. పదీ ఇరవైకి వచ్చాడు. తలుపు చప్పుడే కాలేదు. వెండెల్ తల తిప్పేసరికి, స్టూలు దాకా రాకుండా తలుపు పక్క బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు.

"ఒక టీ ఇస్తావా, వెండెల్?" అన్నాడు.

వెండెల్ టీతో పాటు పై కూడా పెట్టుకెళ్లాడు. డెస్ మొహం చెమటతో తడిసి ఉంది. కాస్త పాలిపోయినట్టు కూడా ఉంది. ఈ ఎండలో ఎవరికి చెమట పట్టదు గనక? అయినా వెండెల్ అడిగాడు.

"ఒంట్లో బాగానే ఉందా డెస్? నిజం చెప్పు."

"కొంచెం నలతగా ఉంది. పర్లేదు."

మనిషిని అడిగితే మనిషి చెప్పాడు. వెండెల్ పెరిగినచోట కడుపునొప్పి ఉన్నవాడు కడుపునొప్పి అంటాడు, గుండె గాభరాగా ఉన్నవాడు డాక్టర్ని పిలవమంటాడు. పర్లేదన్నాడంటే పర్లేదు. అతను నిశ్చింతగా పక్క బల్ల తుడవడం మొదలుపెట్టాడు.

డెస్ సగం పై తిని, ఫోర్కు నెమ్మదిగా కింద పెట్టాడు.

"బాగుంది" అన్నాడు.

వెండెల్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఏమన్నావు?"

"పై బాగుందన్నాను. ఎప్పుడూ బాగానే చేస్తావు. థాంక్స్."

ఇరవై ఏడేళ్లు! వెండెల్ గుడ్డ భుజానేసుకుని, డెస్‌కి ఎదురుగా నిలబడి, తన దేశపు అలవాటు చొప్పున మనసంతా విప్పి చెప్పేశాడు. "డెస్, నువ్వీ మాట అన్నందుకు నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. నాకు అన్నదమ్ముల్లేరు. ఉండి ఉంటే నీలాంటివాడు కావాలని దేవుణ్ని అడిగేవాణ్ని. నిజంగా."

ఇంకో రోజైతే డెస్ ఈ ఉపన్యాసాన్ని చీల్చి చెండాడి, ఆర్నెల్లపాటు దారంతా చెప్పుకు నవ్వేవాడు. ఇవాళ అతని వంక చాలాసేపు చూశాడు. బల్ల అంచు పట్టుకుని లేచి, వెండెల్ భుజం మీద చెయ్యి వేసి, "సరే మరి" అని వెళ్లిపోయాడు. ట్యాంకరెక్కాక వెంటనే స్టార్టు చెయ్యలేదు. రేడియోలో పాట వెతుక్కుంటున్నాడనుకున్నాడు వెండెల్. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. డెస్ కూడా రెండు వేళ్లు ఎత్తాడు.

ఇక ఆ పూట వెండెల్ కాళ్లు నేల మీద నిలవలేదు. ఉల్లిపాయలు వేయిస్తూ చర్చి పాటలు పాడాడు. పర్యాటకుల కారులో వచ్చిన చిన్నపిల్లకి ఊరికే ఐస్‌క్రీమ్ ఇచ్చాడు. నేను వీళ్లవాణ్ని, వీళ్లవాణ్ని అని లోపల ఏదో కొట్టుకుంటూనే ఉంది. పన్నెండింటికి రోడ్డు చదునుచేసే యంత్రం నడిపే ట్రెవర్ గిడ్డింగ్స్ భోజనానికొచ్చి, "ఏంటి యాంకీ, పళ్లన్నీ బయటపెట్టావు, ఎవరికైనా అమ్ముతావా?" అన్నాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కాని మొదట నోరీన్‌కి చెప్పాలనుకున్నాడు. ఆమె దగ్గరే కదా ఇన్నేళ్లూ ఏడ్చింది! నవ్వి ఊరుకుని, ట్రెవర్‌కి ఇంకాస్త గ్రేవీ వేశాడు.

రెండు దాటాక నోరీన్ వ్యాను వచ్చింది. గ్యాస్ బండకి చెరోవైపు పట్టి దించుతూండగానే మొదలుపెట్టాడు. "ఇవాళేమైందో తెలుసా? డెస్ నా పై బాగుందన్నాడు. థాంక్స్ చెప్పాడు. నన్ను పేరు పెట్టి పిలిచాడు!"

నోరీన్ తన వైపు బండ వదిలేసింది. అది వెండెల్ మడమ పక్కన నేలలో దిగబడింది.

"ఏమన్నాడూ?"

వెండెల్ గర్వంగా మళ్లీ చెప్పాడు.

"తిట్టలేదా? ఒక్కసారి కూడా? యాంకీ అనలేదా?"

"లేదంటుంటే. నేను నాలుగు మంచి మాటలు చెబితే అడ్డు తగలకుండా విన్నాడు."

"నువ్వు చెబుతుంటే విన్నాడా?" నోరీన్ మొహంలో రక్తం లేదు. "ఎన్నింటికి? మొహం ఎలా ఉంది? చెప్పు, ఎలా ఉంది వాడి మొహం?"

"చెమట పట్టింది... అడిగాను నోరీన్, అడిగాను. కొంచెం నలతగా ఉంది, పర్లేదన్నాడు."

"ఓరి దేవుడా" అని ఆమె లోపలికి పరిగెత్తింది. రేడియో మైకు పట్టుకుని, "డెస్, ఒరేయ్ డెస్, పలకరా వెధవా" అని అరిచింది. గరగర తప్ప ఏమీ రాలేదు. ట్రెవర్ మాత్రం పలికాడు. డెస్ ట్యాంకరు నింపుకునే నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లమని అతనికి చెప్పి, విమానంలో వచ్చే ఫ్లయింగ్ డాక్టర్‌కి ఫోను చేసి, ఆమె వ్యానెక్కింది. వెండెల్ ఏప్రన్ విప్పకుండానే పక్కన కూర్చున్నాడు.

పద్దెనిమిది కిలోమీటర్లు ఎర్రమట్టి దారి. ఆమె ఎటూ చూడకుండా తోలింది. "ట్రాక్టరు కింద పడి వాడి కాలు రెండుచోట్ల విరిగినప్పుడు ఏమన్నాడో తెలుసా?" అంది మధ్యలో. "కాస్త గీసుకుంది అన్నాడు. వాడికి నలతగా ఉందంటే..."

దూరం నుంచే పక్షులు కనిపించాయి. గులాబీ రంగు చిలకలు, వందలకొద్దీ, ట్యాంకరు చుట్టూ నేలంతా పరుచుకుని నీళ్లు తాగుతున్నాయి. ట్యాంకరు ఎప్పుడో నిండిపోయి, పైనుంచి నీరు ధారగా కారి, దారి మడుగైపోయింది. ట్రెవర్ అప్పటికే వచ్చి గొట్టం కట్టేస్తున్నాడు. వాళ్లని చూసి టోపీ తీశాడు.

డెస్ డ్రైవరు సీట్లోనే తల కిటికీకి ఆనించి ఉన్నాడు. కళ్లు మూసే ఉన్నాయి. నోరీన్ మెడ మీద చెయ్యి పెట్టి చూసి, ఆ చెయ్యి అలాగే కాసేపు ఉంచింది.

"చాలాసేపయినట్టుంది" అన్నాడు ట్రెవర్.

వెండెల్ మడుగులో నిలబడి ఉన్నాడు. బూట్లలోకి నీళ్లు దిగుతున్నాయి. పదీ ఇరవై నుంచి రెండింటి దాకా ఎన్ని నిమిషాలో అతని బుర్ర దానంతటదే లెక్కవేస్తోంది. తను పాటలు పాడిన నిమిషాలు. ట్రెవర్‌కి గ్రేవీ వేసిన నిమిషాలు. ఇక్కడ పుట్టిన ఐదేళ్ల పిల్లకైనా తెలిసిపోయేది. డెస్ థాంక్స్ అన్న క్షణాన చేతిలోది పారేసి డాక్టర్ కోసం పరిగెత్తేది. తనకి సంతోషం వేసింది.

"అడిగాను" అన్నాడు. "ఒంట్లో బాగుందా అని అడిగాను."

"అడిగావులే" అన్నాడు ట్రెవర్ మెత్తగా. "నువ్వేం చేస్తావు, వెండెల్? రా, నీడలో కూర్చో. మంచినీళ్లు తాగు."

వెండెల్ తలెత్తి చూశాడు. పన్నెండింటికి ఈ మనిషే తన పళ్లు అమ్ముతావా అన్నాడు.

"నీ తప్పేం లేదు, వెండెల్" అంది నోరీన్ కూడా. ఆమె నోట తన పేరు విని ఎన్నేళ్లయిందో. చర్చిలో పెళ్లిప్రమాణం చేసినప్పుడు విన్నట్టు గుర్తు.

అతను ఇద్దరి వైపూ తిరిగాడు. "తిట్టండి" అన్నాడు. "ట్రెవర్, తిట్టు నన్ను. బుద్ధిలేని యాంకీ వెధవా అను. నోరీన్, నువ్వైనా అనవే!"

ట్రెవర్ నోరు తెరిచాడు. ఒక తిట్టు కోసం వెతుక్కున్నాడు. తర్వాత టోపీ అంచు వేళ్లతో తిప్పుతూ నేల వైపు చూశాడు.

"రోజూ వాడికి టీ ఇచ్చేవాడివి" అన్నాడు. "చాలా థాంక్స్."

నోరీన్ మొహం తిప్పుకుంది. తూర్పున ఎక్కడో విమానం మోత మొదలైంది. ఇప్పుడు రావడంవల్ల ఎవరికీ ఉపయోగం లేదు. పక్షులు మాత్రం ఒక్కసారి లేచి, మళ్లీ వాలాయి.

వెండెల్ ట్యాంకరు తలుపు దగ్గరే ఉండిపోయాడు. లోపల రేడియో మైకు కొక్కేనికే ఉంది, డెస్ చెయ్యి చాస్తే అందేంత దూరంలో. సీటు కింద డెస్ కాళ్లకి మేజోళ్లే ఉన్నాయి. బొటనవేలి దగ్గర చిరుగు. బూట్లు బయట, ఎక్కే ఇనప మెట్టు మీద, మడమలు ట్యాంకరు రేకుకి ఆనించి పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఎడమ బూటుకి లేసు తెగిపోయి ఎర్ర కరెంటు తీగ ముక్క కట్టుకున్నాడు, దాని ముడి తీరిగ్గా విప్పి, రెండు కొసలూ లోపలికి దోపి ఉన్నాయి.